నాలుగు గుంటల రేకుపెట్టె

పోయిన వారం రేకుల మేస్త్రిని ఇంటి నడవలో నిలబెట్టి వదిలేశాం. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. లోపలి గదిలో మనవరాలు గుక్కపట్టి ఏడుస్తోంది. వంటగదిలో ఆయన భార్య ఇటు వీపు పెట్టి కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆగలేదు. తల తిరగలేదు. ఆ ఏడుపు ఇంట్లో ఒక్కరికే వినిపించింది. ఆ ఒక్కరు, వీధి వీధంతా చెవిటి మేస్త్రి అని పిలిచే మనిషి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు. మేస్త్రి ఇనప రేకు వంచి బకెట్లు, వాన గొట్టాలు, పొగ గొట్టాలు చేస్తాడు. కింద కొట్టు, దాని మీద ఇల్లు, ఆ పైన అద్దెకుండే టీచరమ్మ. రేకు మీద సుత్తి దెబ్బ పడీ పడీ ఆయన చెవులు ఏనాడో మూతపడ్డాయి. అప్పటినుంచి భార్య అరిచి మాట్లాడుతోంది. ఉప్పు తక్కువైందన్నా అరుపే, ఒంట్లో బాగాలేదన్నా అరుపే. వీధివాళ్ళు ఆవిడకు నగారా అని పేరు పెట్టారు. ఆ ఇంటి గుట్టు పై ఇంటి టీచరమ్మకు కంఠతా వచ్చు. ఒక్కోసారి కిటికీలోంచి జవాబు కూడా చెబుతుంది.

మేస్త్రికి ఒక్కతే కూతురు. సిటీ బస్సు నడుపుతుంది. బిడ్డ పుట్టాక, "తాతా అని పిలిస్తే పలకని తాత దానికెందుకు?" అని తండ్రిని చెవి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళి రెండు చెవులకూ మిషన్లు పెట్టించింది. రేపటినుంచి ఆ కూతురు మళ్ళీ డ్యూటీ ఎక్కుతోంది. పాపను అమ్మమ్మ దగ్గర వదలాలి. లేదంటే ఒక్క ఆయా గంపెడు పిల్లల్ని చూసే కేంద్రంలో పడెయ్యాలి. ఇవాళ డిపోలో పనుందని, ఎలా ఉంటుందో చూద్దామని కూడా, మొదటిసారి పాపను ఇక్కడ దింపి వెళ్ళింది. ఈ రోజు కోసం మేస్త్రి భార్య ఎంతగా ఎదురుచూసిందో వీధికంతా తెలుసు. అరిచి చెప్పింది కదా.

మేస్త్రి రెండో చెప్పూ విడిచి గదిలోకి వెళ్ళాడు.

పసిపిల్లను ఎత్తుకోవడం ఆయనకు చేతకాదు. కొత్త బకెట్టును పట్టుకున్నట్టు అడుగున ఒక చెయ్యి, అంచున ఒక చెయ్యి వేసి భుజానికి ఆనించుకున్నాడు. పాప తల ఆయన చెవికి తగిలింది. మిషను కీచుమని కూసింది. చెవికి ఏదైనా మరీ దగ్గరగా వస్తే అలా కూస్తుందని, అది జబ్బు కాదని డాక్టరమ్మ చెప్పింది. చెప్పినా, ఆ కూత వింటే ఇన్నాళ్ళూ మేస్త్రికి పళ్ళు జివ్వుమనేవి. ఇవాళ పాప ఠక్కున ఏడుపు ఆపింది. తల వెనక్కి తీసి, తాత చెవికేసి కళ్ళింత చేసుకుని చూసింది. మళ్ళీ తల ఆనించింది. మళ్ళీ కూత. బోసినోరు తెరిచి నవ్వింది.

"నచ్చిందా?" అన్నాడు మేస్త్రి. తన గొంతు తనకే వినబడి కాస్త సిగ్గుపడ్డాడు. పీపాలోంచి మాట్లాడినట్టుండే ఆ గొంతుకు ఇంకా అలవాటు పడలేదు.

పాపను భుజాన వేసుకుని వంటగది గుమ్మంలోకి వచ్చాడు. నీడ పడేసరికి భార్య తిరిగి చూసింది. చేతిలో కత్తి జారింది.

"అయ్యో, అదెప్పుడు లేచింది? ఏడవనేలేదే!"

"ఏడ్చింది."

"ఏడిస్తే నాకు వినబడదా? నీ చెవుల్లో ఆ పురుగులే కూసుంటాయి. ఇలా తే. అలా పట్టుకుంటే నడుం విరుగుతుంది. అది బిడ్డయ్యా, బిందె కాదు."

పాపను ఇచ్చేశాడు. ఆవిడ భుజం మీద పాప డబ్బాకు మూత కుదిరినట్టు ఒదిగిపోయింది. అది చూసి మేస్త్రి కొట్లోకి దిగిపోయాడు.

కొట్లో సుత్తి ముట్టలేదు. రేకు ఆనించి కొట్టే దాగలి పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. రేకు కొట్టేవాడికి అనుమానం వస్తే ఊరికే పోదు. ఎక్కడ కారుతోందో తేలాలి.

మిషన్లు పెట్టుకున్న కొత్తలో ఆయన పడ్డ బాధ అంతా ఇంతా కాదు. పళ్ళెంలో చెంచా పెడితే పిడుగు పడ్డట్టుండేది. పేపరు తిరగేస్తే రేకు చింపినట్టుండేది. తాను నమిలే చప్పుడుకు తానే భోజనం మధ్యలో లేచిపోయాడు. "కాసేపు పెట్టుకోండి, రోజూ ఇంకాస్త పెంచండి. అలవాటు కావాల్సింది చెవికి కాదు, బుర్రకి" అంది డాక్టరమ్మ. బుర్ర మెల్లగా దారికొచ్చింది. అప్పుడు వినబడ్డాయి ఇంట్లో కిర్రులన్నీ. మెట్ల కింద ఇనపగేటు కిర్రు. వీధి తలుపు కిర్రు. బీరువా కిర్రు. ఇనుముతో బతికేవాడి ఇంట్లో ఇంత ఇనుము ఏడుస్తోందా అని ఆయనకు తలకొట్టేసినట్టయింది. నూనెడబ్బా పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. గేటు తీసినా పిల్లి నడిచినంత చప్పుడు లేకుండా చేశాడు. టీచరమ్మ కిటికీని కూడా వదల్లేదు.

ఆ ఊపులోనే వంటగదిలో అద్దం తీసేశాడు. పొయ్యి పైన గోడకు ఎన్నో ఏళ్ళుగా ఉందది. అలమర తలుపు తీస్తే దానికి తగిలి టంగుమంటోందని తీసి మంచం కింద పెట్టాడు. భార్య ఆ రోజు ఇల్లు పీకి పందిరేసింది.

"పొయ్యి దగ్గర సోకులేంటే ఈ వయసులో?" అన్నాడు మేస్త్రి.

"నా మొహం, నా ఇష్టం!" అందావిడ.

"మొహం చూసుకోనివ్వండి అన్నయ్యా!" అంది పైకిటికీ.

ఇప్పుడు పీట మీద కూర్చుని ఆ అద్దాన్ని మనసులో మళ్ళీ గోడకు తగిలించి చూశాడు. పొయ్యి దగ్గర నిలబడితే అందులో ఏం కనబడుతుంది? మొహం కాదు. అంత ఎత్తున ఉంటే మొహమెక్కడ కనబడుతుంది? వీధి తలుపు కనబడుతుంది. లోపలి గది గుమ్మం కనబడుతుంది. గుమ్మంలోంచి ఉయ్యాల కనబడుతుంది.

మొన్న కెటిల్ సంగతీ అంతే. నీళ్ళు మరిగి అది గొంతు చించుకుని ఈల వేస్తుంటే, చెయ్యి చాస్తే అందే దూరంలో నిలబడి ఆవిడ తాపీగా గిన్నె తుడుస్తోంది. ఆవిరి కంటబడ్డాక గానీ కట్టెయ్యలేదు. కూతురు అందరితో గొప్పగా చెప్పుకునేది, "మా అమ్మ పాపను చంక దింపదు" అని. ఎందుకు దింపదో ఇప్పుడు తెలిసింది. దింపితే ఆవిడకు పాప లేనట్టే.

చెవిటివాడని మొగుణ్ణి అంటూ వచ్చిన మనిషి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని పెళ్ళిళ్ళలో పేరంటాల్లో చెప్పి నవ్వించిన మనిషి. గురివింద గింజ.

మేస్త్రికి కోపం రావాల్సింది. కొంత వచ్చింది కూడా. అది ఇంతలోనే ఎక్కడికి పోయిందంటే, ఈ కొట్లోనే అవతలి మూలకు పోయింది. పెళ్ళైన కొత్తలో జీతమిచ్చి మనిషిని పెట్టుకునే స్థోమత లేదు. పెద్ద రేకులకు అవతలి అంచు ఆవిడే పట్టుకునేది. ఆయన కొడుతుంటే ఆవిడ పట్టుకునేది. దెబ్బ ఇద్దరికీ ఒకే దూరం. సుత్తి ఎవరి చేతిలో ఉండేదో ఎవరూ చెప్పనక్కరలేదు.

బల్ల సొరుగులోంచి పెట్టె తీశాడు. కెటిల్ ఈల విన్న రోజునే మొదలుపెట్టిన పని అది. అరచేతిలో పట్టే రేకుపెట్టె. డాక్టరమ్మ ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది గానీ మేస్త్రికి ప్లాస్టిక్ అంటే గిట్టదు. మిషన్లను మాత్రం ఆవిడ చెప్పినట్టే చూసుకునేవాడు. సుత్తి పట్టేముందు తీసేవాడు. స్నానానికి ముందు తీసేవాడు. పడుకోబోయేముందు పొడిగుడ్డతో తుడిచి, గులిమి లోపలికి రాలకుండా మిషను తల కిందికి పెట్టి చిన్న బ్రష్షుతో దులిపి, బ్యాటరీ తలుపు తెరిచి ఉంచేవాడు. తన పనిముట్లను ఏనాడూ అంత ముద్దుగా చూడలేదు. పెట్టెకు మూలలు సన్నగా టంకం వేశాడు. లోపల మఖమల్ గుడ్డ అతికించాడు. తేమ పీల్చే గింజల పొట్లానికి ఒక అర చేశాడు. మిషను పడుకోవడానికి గుంటలు చేశాడు.

పైకెళ్ళేసరికి పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. భార్య గది గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, తరగాల్సిన కూరగాయలు ఒళ్ళో పెట్టుకుని, పాప మొహం మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. కాపలా కుక్క కూడా అంత కదలకుండా కూర్చోదు.

మేస్త్రి ఆవిడ భుజం తట్టి పెట్టె చేతిలో పెట్టాడు.

"ఏంటిది? కుంకుమ భరిణా?" మూత తీసి చూసింది. మొహం వెలిగింది. చేతిపని బాగుంటే ఆవిడ మెచ్చుకోకుండా ఉండలేదు. "నీ చెవిపురుగులకి ఇల్లు కట్టావా? భలే ఉందయ్యో! మఖమల్ కూడానా! నాకెప్పుడైనా ఇలాంటిది చేశావా?" వేలితో గుంటలు తడిమింది. "నాలుగున్నాయేం? బ్యాటరీలకా?"

"బ్యాటరీలకు వేరే అర ఉంది."

"మరి నాలుగెందుకు?"

"రెండు నావి."

ఆవిడ వేలు మూడో గుంటలో ఆగిపోయింది.

దొంగకు తేలు కుట్టినప్పుడు అరవడంటారు. ఈవిడ అరిచింది. "నాకేం చెవుడా? నీలా నేనూ చెవిటిదాన్నా? రెండు మిషన్లు చెవిలో పెట్టుకోగానే డాక్టరువైపోయావా? ఇన్నేళ్ళు ఈ ఇంట్లో బెల్లు కొడితే తలుపు తీసిందెవరు? ఫోనొస్తే..."

ఫోనొస్తే టీచరమ్మ చేత మాట్లాడించేది. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దాని వెనకాల మామూలు గొంతుతో ఏదో అన్నాడు.

"తువ్వాలు తియ్యి" అందావిడ.

ఆయన తియ్యలేదు. మళ్ళీ అన్నాడు.

"అది తీసి మాట్లాడవయ్యా!"

తీశాడు. "ఎందుకు?" అన్నాడు.

ఆవిడ ఒళ్ళోంచి ఒక కాయ దొర్లి గోడ దాకా పోయింది. దాన్నే చూస్తూ, "తువ్వాలు వెనకాల ఏమన్నావు?" అంది.

"పెళ్ళప్పుడు నీ గొంతు సన్నగా ఉండేది అన్నాను. రెండోసారి కూడా అదే."

"పోవయ్యా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మొదట నీ కోసమే అరిచాను. ఒట్టు. తర్వాత నా అరుపు నాకే చాలకుండా పోయింది. ఎప్పటినుంచో తెలీదు. ఇంట్లో ఒక చెవిటివాడుండగా ఇంకో చెవిటిది ఎవరికి కావాలి? నీ మీద జోకులేసుకుంటూ గడిపేశాను." గదిలోకి చూపించింది. "మన అమ్మాయికి చెప్పకు. రేపు బిడ్డను నా చేతిలో పెట్టనీ. ఒక్క నెల గడవనీ. తర్వాత నువ్వు చెప్పిన చోటికల్లా వస్తాను, నువ్వు చెప్పిన పురుగులన్నీ పెట్టుకుంటాను."

"ఒక్క పూట కూడా ఆగను."

"నీకు జాలి లేదు."

"లేదు. ఇందాక పాప గుక్కపట్టింది. నీ కత్తి ఆగలేదు."

ఆవిడ ఆడిన అబద్ధం చిన్నదే. దాని మీద పడుకోబెట్టిన బిడ్డ ఇంకా చిన్నది. ఆ సంగతి ఆవిడకు తెలియక కాదు. ఎదుటివాడు చెప్పేదాకా తెలియనట్టుండటం మనుషులకు బాగా చాతనవును.

మేస్త్రి మంచం కిందినుంచి అద్దం తీసి, దుమ్ము తుడిచి, వంటగదిలో దాని పాత మేకుకు తగిలించాడు. అలమర తలుపు టంగుమనకుండా అంచుకు మఖమల్ ముక్క అతికించాడు. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి, "ఇంకాస్త ఎడంపక్కకి" అంది. సరిచేశాడు. "ఆ, ఇప్పుడు కనబడుతోంది" అంది. ఏం కనబడుతోందో ఆయన అడగలేదు, ఆవిడ దాచలేదు. ఆ ఇంట్లో చాలా ఏళ్ళ తర్వాత ఒక అబద్ధం తగ్గింది. తగ్గిన చోట కాస్త గాలి ఆడింది.

"పొద్దుటి పూట నేను కొట్టు తియ్యను" అన్నాడు మేస్త్రి, మొహం ఆవిడ వైపు పెట్టి. "సుత్తి పని సాయంత్రానికి మార్చుకుంటాను. డాక్టరమ్మ నీ చెవులు చూసేదాకా వినడం నా పని, ఎత్తుకోవడం నీ పని. నాకు ఎత్తుకోవడం రాదు, నీకు వినబడదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాం."

"ఒక మనిషికా? నువ్వు అర కూడా కాదు. పావు." నవ్వింది. మళ్ళీ ముఖం ముడుచుకుంది. "అమ్మాయికి మాత్రం నేనే చెబుతాను. నువ్వు నోరు మెదపకు. నీకు చెప్పడం చాతకాదు. మేకు కొట్టినట్టు చెబుతావు."

"సరే."

"కానీ ముందు నీకో మాట చెప్పాలి. ఇది అరిచి చెప్పే మాట కాదు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

వెళ్ళి కిటికీ రెక్కలు దగ్గరికి వేసింది. పైకి చూసి, "ఆవిడ వింటుంది" అంది. దగ్గరికొచ్చి, ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టింది. మిషను కీచుమంది. అది ఆవిడకు వినబడలేదు. మేస్త్రి తల కాస్త పక్కకు వంచాడు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ గుసగుసలాడుకోబోవడం బహుశా అదే మొదలు.

"పాప ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలీదయ్యా" అందావిడ. "పుట్టినప్పటినుంచి ఒక్కసారీ వినలేదు. ఆసుపత్రిలో నోరు తెరిస్తే ఏడుస్తోందనుకున్నాను. మీరందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దాని గొంతు సన్నమా, బొంగురా? నాకు చెప్పేవాళ్ళెవరు? ఎవర్ని అడగను?"

ఆవిడ మటుకు ఆవిడకు అది గుసగుసే. వీధికి మాత్రం నగారా.

పైన టీచరమ్మ ఇంట్లో కొళాయి కట్టేసిన చప్పుడు మేస్త్రికి స్పష్టంగా వినిపించింది. వీధిలో ఎవరో నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు. కిటికీలోంచి ఈసారి ఏ జవాబూ రాలేదు. ఆ మహాతల్లికి జవాబు దొరకకపోవడం కూడా అదే మొదలు.

"సన్నం" అన్నాడు మేస్త్రి. "నీ పెళ్ళినాటి గొంతంత సన్నం."

ఆవిడ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఉండగా చూపు అద్దం మీద పడింది. అక్కడే నిలిచిపోయింది.

మేస్త్రి తిరిగి చూశాడు. వీధి తలుపు తెరిచి ఉంది. గడప మీద కూతురు నిలబడి ఉంది. బస్సు డ్రైవరు చొక్కా, కాళ్ళకు గుడ్డబూట్లు, భుజాన పాప బట్టల సంచి. ఎప్పుడొచ్చిందో తెలియదు. గేటు కిర్రుమనలేదు, తలుపూ కిర్రుమనలేదు. వాటికి నూనె పోసినవాడు ఎవర్ని తప్పుపడతాడు?

కూతురు భుజం మీంచి సంచి దింపింది. లోపల పెట్టలేదు, బయటా పెట్టలేదు. గడప మీద పెట్టింది.

సరిగ్గా అప్పుడే గదిలో పాప ఏడుపు అందుకుంది.

తండ్రీకూతుళ్ళిద్దరి తలలూ ఒక్కసారే గదివైపు తిరిగాయి. తల్లి తల తిరగలేదు. కూతురు అది చూసింది. అడుగు ముందుకు వేయబోయి ఆగింది. ఆగి, తండ్రి మొహంలోకి చూస్తూ నిలబడింది. బండి తీసేముందు బ్రేకు తొక్కి చూసే మనిషి అది.

మేస్త్రి తన భార్య మోచేతి మీద వేలితో రెండుసార్లు తట్టాడు, రేకు ఎక్కడ పలచబడిందో చూసేటప్పుడు తట్టినట్టు. ఆవిడ ఆయన మొహం చూసింది, గదివైపు చూసింది, లోపలికి వెళ్ళింది. ఊపిరి తీసేంతలో పాపను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఏడుపు ఆగింది. పాప బొటనవేలు నోట్లో పెట్టుకుని వాళ్ళమ్మను తీరిగ్గా చూసింది.

కూతురు కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకునే రకం కాదు. సంచి పట్టీ మీద చెయ్యి వేసింది. దాన్ని పట్టుకునే తండ్రి దగ్గరికి వచ్చి ఆయన చెవి వైపు వంగింది, మిషను కూయనంత దూరంలో సరిగ్గా ఆగి, చాలా చిన్న గొంతుతో ఒకే ఒక్క మాట అడిగింది. ఆ గొంతు ఈ ఇంట్లో ఒక్కరికే వినబడేంత చిన్నది.

మేస్త్రి నోరు తెరిచాడు.

"ఏమంటోందయ్యా అది?" అంది భార్య గుమ్మంలోంచి. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ ఆయనే అడిగేవాడు. "చెప్పవయ్యా! నాకు వినబడదని ఇప్పుడు అందరికీ తెలుసు కదా. ఏమంటోంది?"

మేస్త్రి ఏం చెప్పాడో వచ్చే వారం.